ఫ్యాన్స్ గ్రూపుల్లో బూతులు: ఎక్కడిదాకా చెల్లుతాయి, ఎక్కడ కేసవుతాయి

క్లుప్తంగా: తెలుగు సినిమా అభిమానుల ఆన్‌లైన్ గొడవల్లో బూతు మాట ఉందా లేదా అన్నదాని కన్నా అది ఎవరి మీద పడింది, ఎంతమంది కలిసి వేశారు, అవతలి మనిషికి తప్పుకునే దారి ఉందా అన్నదే అసలు సంగతి. మాటల జాబితా పెట్టుకుని ఏరేసే గ్రూపులు వేధింపును వదిలేస్తున్నాయి. కోర్టులు ఈ తేడాను కొంత గుర్తించాయి, సోషల్ మీడియా వేదికలు ఇంకా గుర్తించలేదు.

పెద్ద హీరో సినిమా టీజర్ వచ్చిందంటే గంట తిరక్కముందే ఎక్స్‌లో (పాత ట్విట్టర్) రెండు ట్యాగులు పరిగెడతాయి, ఒకటి ఆకాశానికెత్తేది, ఇంకొకటి తిట్టేది. రెండో ట్యాగు కింద ఏముంటుందో తెలుగు సినిమా చూసేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కలెక్షన్లు ఫేక్ అని ఒకడంటాడు, మీవాడి గత సినిమా బయ్యర్లకి ఎంత బొక్క పెట్టిందో చూసుకో అని ఇంకొకడంటాడు, మూడో నాలుగో రిప్లయికి సినిమా ఊసే ఉండదు, ఇళ్ళల్లో కూర్చున్న అమ్మలూ అక్కలూ గొడవలోకి వచ్చేస్తారు.

దీని మీద మామూలుగా రెండు వాదనలు వినిపిస్తాయి. ఫ్యాన్స్ అన్నాక ఆమాత్రం ఉంటుంది, ఇష్టం లేనివాళ్ళు చూడటం మానేయొచ్చు అనేది ఒకటి. బూతు ఎక్కడున్నా బూతే, మొత్తం నిషేధించాలి అనేది రెండోది. రెండూ చెప్పడానికి బాగానే ఉంటాయి గానీ జరిగిన గొడవల్ని ఒక్కొక్కటిగా చూస్తే రెండూ నిలబడవు.

పేడ కొట్టిన రోజుల నుంచి ఫేక్ ఐడీల దాకా

అభిమానుల తగాదాలు ఇంటర్నెట్‌తో పుట్టినవి కావు. ఎన్టీఆర్, ఏఎన్నార్ కాలం నుంచీ ఎదుటి హీరో పోస్టర్ మీద పేడ కొట్టడం, బ్యానర్ చింపడం, వంద రోజుల సెంటర్ల లెక్క దగ్గర చొక్కాలు పట్టుకోవడం ఉన్నవే. అప్పుడూ నోళ్ళు శుభ్రంగా ఏమీ లేవు. కాకపోతే తిట్టినవాడు ఫలానా వీధిలో ఫలానావాళ్ళ అబ్బాయని ఊళ్ళో అందరికీ తెలుసు, అభిమాన సంఘానికి ఒక అధ్యక్షుడు ఉండేవాడు, మరీ శ్రుతి మించితే థియేటర్ మేనేజరో సర్కిల్ ఇన్‌స్పెక్టరో పిలిచేది ఆయన్నే. సినిమా పత్రికకి ఉత్తరం రాసి అవతలి హీరోని తిడితే సంపాదకుడు ఆ ముక్క కొట్టేసి మిగతాది వేసేవాడు, లేదా మొత్తం చెత్తబుట్టలో పడేసేవాడు. అంటే తిట్టడానికి అడ్డేమీ లేకపోయినా ఆ తిట్టు ఎంతదూరం వెళ్తుందన్నదానికి మాత్రం అడ్డు ఉండేది.

ఇప్పుడు లేనిది అదే. పేరు హీరోది, ఫోటో హీరోది, మనిషి ఎవరో తెలీదు. ఐడీ లేపేస్తే చివర ఒక అంకె మార్చి సాయంత్రానికి ఇంకొకటి తెరుస్తాడు. సంఘం అధ్యక్షుడి స్థానంలో ఇప్పుడు వేలల్లో ఫాలోవర్లున్న పెద్ద ఐడీలు వచ్చాయి, వాటికి అదుపు చేసే బాధ్యత లేదు సరికదా గొడవ పెద్దదైతేనే వాటికి లాభం.

మాటల దగ్గరే ఆగిపోతుందిలే అనుకోవడానికీ లేదు. 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలార్‌లో ఒక కార్యక్రమానికి వెళ్ళిన తిరుపతి యువకుడు, పవన్ కల్యాణ్ అభిమాని, జూనియర్ ఎన్టీఆర్ అభిమానితో వచ్చిన మాటల గొడవలో కత్తిపోటుకు బలయ్యాడు. 2023 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలికి పెయింటింగ్ పనికి వచ్చిన ఇద్దరి మధ్య గొడవ మొదలైంది వాట్సాప్ స్టేటస్ దగ్గర, ఒకరు ప్రభాస్ అభిమాని, ఇంకొకరు పవన్ అభిమాని, చిలికి చిలికి అది హత్యలో తేలింది. ఇలాంటివి అరుదే. ప్రతి తిట్టూ కత్తి దాకా పోతుందని భయపెట్టడం అబద్ధమే అవుతుంది. కానీ "ఆన్‌లైన్‌లో ఏదో అనుకుంటారులే" అని కొట్టిపారేసేవాళ్ళు ఈ రెండు ఊళ్ళ పేర్లూ గుర్తుపెట్టుకుంటే మంచిది.

గ్రూపు లోపల తిట్టు, గ్రూపు బయట తిట్టు

ఒక హీరో అభిమానులే ఉన్న టెలిగ్రామ్ గ్రూపులోకి ట్రైలర్ పడిన రాత్రి తొంగిచూస్తే సగం మెసేజుల్లో "నీయబ్బ ఏం షాట్ రా అది", "ఎదవా ముందే చెప్పలేదేంట్రా" లాంటివే ఉంటాయి. ఇంకా ఘాటైనవీ ఉంటాయి, వాటిని రెండు మూడు అక్షరాలకి కుదించి ఇంగ్లీషు పొడిఅక్షరాల్లో రాసుకుంటారు. ఇవేవీ ఎవరికీ తగలవు. మొదటిది పొగడ్త, రెండోది చనువు. హాస్టల్ గదిలో, క్రికెట్ గ్రౌండ్‌లో మాట్లాడుకునే భాషే తెర మీదకొచ్చింది, అంతే. రెడిట్‌లో తెలుగువాళ్ళు బాగా తిరిగే ఒక గ్రూపు పేరే "నీ బొంద", అంటే పలకరింపు దగ్గరే ఇక్కడ మాటలు ఎలా ఉంటాయో చెప్పేశారన్నమాట. లోపల తిట్టుకోవడం మనమంతా ఒకటే అనడానికి గుర్తు కూడా. కొత్తగా చేరినవాడు మర్యాదగా "అండీ" అంటే అవతలి హీరో మనిషేమోనని అనుమానంగా చూసే గ్రూపులు కూడా ఉన్నాయి.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. ఇబ్బంది స్క్రీన్‌షాట్ దగ్గర మొదలవుతుంది. గ్రూపులో నవ్వుకుంటూ అన్న మాటని ఎవడో ఒకడు తీసి ఎక్స్‌లో పెడతాడు, అక్కడ ఆ నవ్వు కనబడదు, మాట ఒక్కటే కనబడుతుంది. అవతలి అభిమానులు దాన్ని కోట్ చేసి మావాళ్ళని ఇంతమాటన్నారని పదిమందిని పిలుస్తారు, ఆ పదిమందీ అన్నవాణ్ణి వదిలేసి హీరో ఇంటి ఆడవాళ్ళని పట్టుకుంటారు. ఎక్స్‌లో ఆడియోగా నడిచే స్పేసులు వచ్చాక ఇది ఇంకా ముదిరింది. అర్ధరాత్రి స్పేస్ పెట్టి రెండు వర్గాలు గంటలకొద్దీ తిట్టుకోవడం, వందలమంది ఊరికే వినడానికి చేరడం మామూలైపోయింది, పైగా రాసిన మాటలా అది మిగలదు, రికార్డు చేసుకుంటే తప్ప ఫిర్యాదు చేయడానికి చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి "బూతు చెల్లుతుందా" అనే ప్రశ్నకి గ్రూపు లోపల ఒక జవాబు, బయట ఇంకో జవాబు ఉంటాయి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే చర్చ ఎప్పుడూ మొదలైన చోటికే వస్తోంది.

ఒక బూతు, ఒక మామూలు మాట: 2017 నుంచి 2022 దాకా

ఈ విషయాన్ని దగ్గరగా చూడాలంటే అనసూయ భరద్వాజ్, విజయ్ దేవరకొండ అభిమానుల గొడవని మించిన ఉదాహరణ లేదు. 2017 ఆగస్టు 25న వచ్చిన "అర్జున్ రెడ్డి"లో తల్లి మీద తిట్టొకటి ఉంది, థియేటర్లో దాన్ని మ్యూట్ చేశారు. మ్యూట్ చేసిన మాటని నింపడానికి ప్రేక్షకులు ఉన్నారు కదా, కుర్రకారు హాల్లో గట్టిగా అరిచి మరీ నింపింది, అభిమానులకి అది నినాదంలాగా అయిపోయింది. ఆ మాట బహిరంగంగా అలా మోగడాన్ని యాంకర్, నటి అనసూయ అప్పట్లోనే తప్పుపట్టారు. అభిమానులు ఆమె మీద విరుచుకుపడ్డారు.

సరిగ్గా ఐదేళ్ళకి, 2022 ఆగస్టు 25న, అదే హీరో "లైగర్" విడుదలై దెబ్బతింది. అమ్మని అన్న ఉసురు ఊరికే పోదన్న అర్థంలో అనసూయ ఒక ట్వీట్ పెట్టారు, ఎవరి పేరూ రాయలేదు. రాయక్కర్లేదు కూడా, అందరికీ అర్థమైంది. ఆ తర్వాత ఆమెకి వచ్చిన రిప్లయిల్లో ఎక్కువగా తిరిగిన మాట బూతు కాదు, "ఆంటీ". ఆ మాటే ట్యాగై ట్రెండింగ్‌లోకి ఎక్కింది. ఇది వయసును ఎత్తిచూపి అవమానించడమేనని, కేసు పెడతానని ఆమె స్క్రీన్‌షాట్లతో సహా హెచ్చరించారు. దానికి వచ్చిన ఎదురుప్రశ్న ఏమిటంటే, ఆంటీ అనడం తిట్టెలా అవుతుంది, పక్కింటావిణ్ణి అలాగే పిలుస్తాం కదా అని.

ఇక్కడే మాటల జాబితా చేతులెత్తేస్తుంది. 2017లో హాల్లో అరిచినది పక్కా బూతు, కానీ చాలామంది కుర్రాళ్ళకి అది ఎవరినీ ఉద్దేశించని కేక. 2022లో రాసినది ఏ ఫిల్టరూ ఆపని మామూలు మాట, కానీ వేలమంది ఒకే మనిషి మీద, ఆమె వద్దన్నకొద్దీ, రోజులతరబడి వేశారు. ఏది వేధింపు అని అడిగితే రెండోదే అని చెప్పాలి. అలాగని మొదటిది ఏమీ కాదని తేల్చేయడం కూడా కుదరదు, తల్లి మీది తిట్టు నినాదమైన హాల్లో ఆడవాళ్ళు ఎలా కూర్చోవాలన్నది ఆమె అప్పుడు లేవనెత్తిన అభ్యంతరంలో ఉంది, దానికి ఇప్పటికీ ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

ఎప్పుడూ ఆడవాళ్ళే ఎందుకు

2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విట్టర్‌లో అభిమానుల ప్రశ్నలకి జవాబులిస్తూ, తాను జూనియర్ ఎన్టీఆర్ ఫ్యాన్ కాదని, మహేష్ బాబు ఇష్టమని చెప్పారు. అంతే. అందులో వెటకారం లేదు, ఎన్టీఆర్ మీద విమర్శా లేదు. ఆ తర్వాత వచ్చిన మెసేజుల్లో అత్యాచారం చేస్తామన్న బెదిరింపులున్నాయని, తల్లిదండ్రుల్ని కూడా వదల్లేదని ఆమె బయటపెట్టారు. హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కేసు నమోదు చేశారు.

ఇదే జవాబు ఒక మగ నటుడు ఇచ్చి ఉంటే ట్రోలింగ్ తప్పేది కాదు, కానీ అది అతని సినిమాల ఫ్లాపుల దగ్గర మొదలయ్యేది. కారణం మనకున్న తిట్ల అమరికలోనే ఉంది. తెలుగులో మగవాణ్ణి గట్టిగా తిట్టాలంటే తల్లినో అక్కనో భార్యనో అనాలి. అభిమానుల యుద్ధంలో ఇద్దరు కుర్రాళ్ళు కొట్టుకుంటున్నా దెబ్బలు తినేది ఆ గొడవతో సంబంధం లేని ఆడవాళ్ళు, హీరోల ఇళ్ళల్లో ఐతే చిన్న పిల్లలు కూడా. ఇది చూసి గ్రూపుల్లోని అమ్మాయిలు మాట్లాడటం తగ్గిస్తారు, కొందరు మగపేర్లతో ఐడీలు పెట్టుకుంటారు, ఇంకొందరు వెళ్ళిపోతారు. మిగిలిన గ్రూపు ఇంకాస్త మోటుగా తయారవుతుంది.

రెండో పొర కులం. తెలుగు పరిశ్రమలో పెద్ద హీరోలు ఎక్కువమంది కొన్ని కుటుంబాలవాళ్ళే, ఆ కుటుంబాలకి కులాలున్నాయి, కొన్నిటికి పార్టీలు కూడా ఉన్నాయి. 2024 జూన్ నుంచి పవన్ కల్యాణ్ ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి, బాలకృష్ణ 2014 నుంచి హిందూపురం ఎమ్మెల్యే. కాబట్టి హీరోని అన్న మాట కులానికి, కులం నుంచి పార్టీకి నాలుగు రిప్లయిల్లో వెళ్ళిపోతుంది. తమిళనాడులో విజయ్, అజిత్ అభిమానుల మధ్య వైరం ఇంతకన్నా తక్కువేమీ కాదు, 2019 జూలైలో విజయ్ చనిపోయినట్టు ట్యాగు పెట్టి దేశమంతా ట్రెండ్ చేసేదాకా పోయారు. అయితే అక్కడ గొడవ ఎక్కువగా ఇద్దరు మనుషుల చుట్టూ తిరిగితే, మన దగ్గర ఇంటిపేర్ల చుట్టూ తిరుగుతుంది. ఇంటిపేరుతో మొదలైన తిట్టు ఒక్క మనిషి దగ్గర ఆగదు.

ఫిల్టర్లకి ఎందుకు దొరకవు

ఎక్స్, యూట్యూబ్, ఫేస్‌బుక్ అన్నిటికీ వేధింపు మీద నియమాలున్నాయి. వట్టి బూతుని మాత్రం ఇవి పెద్దగా నిషేధించవు. యూట్యూబ్‌లో బూతు మొదట దెబ్బకొట్టేది ప్రకటనల ఆదాయాన్ని, ఆ నియమాన్ని కూడా 2022 నవంబర్‌లో బిగించి, వీడియోలు చేసేవాళ్ళు గగ్గోలు పెడితే 2023 మార్చిలో సడలించారు. డిస్కార్డ్ లాంటి చాట్ వేదికల్లో అడ్మిన్ ఒక మీట నొక్కితే బూతుల్ని ఆపే ఏర్పాటుంది, అది ఇంగ్లీషుకి పనిచేసినట్టు తెలుగుకి పనిచేయదు.

ఎందుకంటే మనవాళ్ళు తిట్టేది తెలుగు లిపిలో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక్క మాటని ఐదారు స్పెల్లింగుల్లో రాస్తారు, మధ్యలో చుక్క పెడతారు, అచ్చు ఎగరగొడతారు. దానికి తోడు తెలుగులో విభక్తి, బహువచనం, సంబోధన అన్నీ మాటకే అతుక్కుంటాయి, కాబట్టి ఒక తిట్టుకి పదుల రూపాలు. మూలరూపాన్ని జాబితాలో పెడితే మిగతావి జారిపోతాయి, రూపాలన్నీ పెడితే మంచి మాటలు కూడా చిక్కుకుంటాయి. ఇలా కలగాపులగంగా రాసే తెలుగులో ద్వేషాన్ని, దూషణని పట్టుకునే ప్రోగ్రాములు తయారుచేయమని ద్రావిడ భాషల సాంకేతిక సదస్సు ఒకటి 2024లో పరిశోధకులకి పోటీ పెట్టింది, అంటే పని మొదలైంది ఈమధ్యే.

రిపోర్ట్ కొట్టడం కూడా ఆయుధమే అయిపోయింది. ఒక వర్గం గుంపుగా చేరి అవతలి పెద్ద ఐడీని రిపోర్ట్ కొట్టి లేపేయించడం, దాన్ని గెలుపుగా చాటుకోవడం, వాళ్ళు తిరిగి ఇదే చేయడం. నిజంగా వేధింపుకి గురైన మనిషి పెట్టిన ఫిర్యాదు ఈ వరదలో కలిసిపోతుంది. 2023 జూలై నుంచి ఎక్స్ ప్రకటనల ఆదాయంలో వాటా పంచడం మొదలుపెట్టింది, మొదట్లో ఆ లెక్క రిప్లయిల మధ్య కనబడే ప్రకటనల మీదే నడిచింది. రిప్లయిలు ఎక్కువ రావాలంటే పొగిడే ట్వీట్ కన్నా గిల్లే ట్వీట్ మేలని ఎవరూ నేర్పక్కర్లేదు. 2024 చివర్లో లెక్క మార్చి డబ్బు కట్టే ఖాతాదారుల స్పందనకి ముడిపెట్టారు, గిల్లే అలవాటు మాత్రం అలాగే ఉంది.

చట్టం ఏమంటోంది

జనంలో గందరగోళం ఎక్కువ ఉన్నది ఇక్కడే. "బూతు రాస్తే 66ఏ కింద లోపలేస్తారు" అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. చికాకు కలిగించేది, ఇబ్బంది పెట్టేది లాంటి పదాలకి హద్దే లేదన్నది ముఖ్య కారణాల్లో ఒకటి. కొట్టేశాక కూడా పోలీసులు దాని కింద కేసులు రాస్తూ వస్తే, 2022లో కోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాల్సొచ్చింది.

తర్వాత వినిపించేది సెక్షన్ 67, అశ్లీల విషయాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం, మొదటిసారి నేరానికి మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. బూతు మాట అశ్లీలం కిందికి వస్తుందా? ఒక వెబ్ సిరీస్‌లోని బూతుల మీద ఢిల్లీ హైకోర్టు కేసు నమోదు చేయమంటే, 2024 మార్చి 19న సుప్రీంకోర్టు దాన్ని రద్దుచేస్తూ, బూతులూ మోటు భాషా రోత పుట్టించొచ్చు గానీ అంతమాత్రాన అశ్లీలం అయిపోవని చెప్పింది. అది కథలోని పాత్రలు మాట్లాడిన బూతు, నిజమైన మనిషిని ఉద్దేశించినది కాదన్నది మరిచిపోకూడదు. ఈ తీర్పు చూపించి ఒక నటికి పంపిన మెసేజిని సమర్థించుకుందామంటే కుదరదు.

మనిషికి గురిపెడితే వేరే సెక్షన్లు సిద్ధంగా ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో అన్న మాటకి మూడేళ్ళ దాకా శిక్ష వేస్తుంది, 78 వెంటపడి వేధించడానికి, 351 బెదిరింపులకి. ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో బహిరంగంగా దూషిస్తే 1989 నాటి చట్టం ఉంది. వీటిలో దేనికీ ఫలానా బూతు వాడి ఉండాలన్న షరతు లేదు, అవి చూసేది ఉద్దేశాన్ని, గురిని. 2024 జూలైలో ఒక తండ్రీకూతుళ్ళ వీడియో మీద లైవ్‌లో నీచంగా మాట్లాడిన యూట్యూబర్‌ని అరెస్టు చేసినప్పుడు పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం కూడా వచ్చి చేరింది, జోకులేశాం అన్న మాట అక్కడ అక్కరకి రాలేదు.

ఆచరణలో ఇంకో కోణం ఉంది. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు సోషల్ మీడియాలో అసభ్య పోస్టులంటూ వరసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు, అవి ఎక్కువగా రాజకీయ తగాదాలు. అధికారంలో ఉన్నవాళ్ళని తిడితే ఒక వేగం, ఊరూపేరూ లేని అమ్మాయిని తిడితే ఇంకో వేగం అన్న విమర్శ అప్పట్నుంచీ కాదు, ఎప్పట్నుంచో ఉంది. హీరోలే నాయకులైన చోట ఈ విమర్శ తేలిగ్గా పోయేది కాదు.

అడ్మిన్ల భయం, హీరోల విన్నపం

సభ్యుడు బూతు పెడితే తననే పట్టుకెళ్తారని వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకి టెన్షన్. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు, సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అంతమాత్రాన బాధ్యుడు కాడని తేల్చాయి. ఇది మంచి తీర్పే. అయితే భయం పోవడంతో పాటు పట్టించుకునే అవసరం కూడా పోయిందనుకునే అడ్మిన్లున్నారు.

కాస్త సవ్యంగా నడిచే గ్రూపుల్లో కనబడే పద్ధతి ఒకటే. మాటకి హద్దు పెట్టరు, గురికి పెడతారు. సినిమాని, సీన్‌ని, కలెక్షన్ లెక్కని ఎంతైనా అనొచ్చు, కుటుంబాన్ని, కులాన్ని, శరీరాన్ని అంటే బయటికి. బయటి మనిషి పోస్ట్ లింకు తెచ్చి "వెళ్ళి చూసుకోండి" అని ఉసిగొల్పడం కూడా నిషేధమే, రెడిట్‌లో ఐతే ఇది వేదిక నియమమే. నిషేధం వల్ల బూతులు తగ్గవు గానీ దాడులు తగ్గుతాయి. దీన్ని అమలు చేయాలంటే ప్రతి గొడవనీ ఒక మనిషి కూర్చుని చదవాలి, సినిమా విడుదల రోజున ఆ ఓపిక ఎవరికీ ఉండదు, ఆ పద్ధతి బెడిసేదీ ఆరోజే.

హీరోల మాట పనిచేస్తుందా అంటే, కొంతే. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్లో అల్లు అర్జున్ "పుష్ప 2" ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాట తర్వాత ఆన్‌లైన్‌లో తిట్ల యుద్ధం చెలరేగితే, అదే నెల 22న ఆయన ఒక ప్రకటన ఇచ్చారు. ఆన్‌లైన్‌లో గానీ బయట గానీ దూషణకి దిగొద్దని అభిమానుల్ని కోరుతూనే, తన అభిమానులమంటూ ఫేక్ ఐడీలతో తిట్టేవాళ్ళ మీద చర్యలు తీసుకుంటామన్నారు. తిట్టేవాడు అసలు అభిమానా, అభిమాని వేషం వేసిన అవతలివాడా అన్న ప్రశ్న నిజమైనదే, రెండు రకాలూ ఉన్నారు. తిట్టించుకున్న మనిషికి మాత్రం ఆ తేడా దేనికీ పనికిరాదు.

దర్యాప్తు అధికారికి ఇంకో చిక్కు ఉంది. "ఆంటీ" ట్యాగు లాంటి దానిలో వేలమంది తలా ఒక మాట రాస్తారు, ఒక్కొక్కరి పోస్టు విడిగా తీసి చూస్తే కోర్టులో నిలబడే నేరం కనబడదు. సెక్షన్లన్నీ ఒక్కో మనిషి చేసినదాన్ని కొలవడానికి రాసినవి. అవతల ఫోన్ పట్టుకున్న మనిషికి చేరేది మాత్రం విడివిడిగా కాదు, మొత్తం ఒకేసారి.